నలభై ఒక్క రోజుల స్వామి

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మారకంగా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఈ గోదావరి గట్టున జీవితమంతా తెలుగు పాఠం చెప్పారు. నోముల గురించో జాతరల గురించో ఎవరైనా వ్యాసం రాసి తీసుకెళ్తే, చదవకముందే "చేసేవాళ్ళను అడిగే రాశావా?" అనేవారు. అడగలేదంటే కాగితాలు తిరిగి చేతిలో పెట్టేసేవారు. ఈ ఏడు విషయం మీరే ఎంచుకోండని కమిటీ వారు అన్నప్పుడు నాకు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. అందుకని శాస్త్ర గ్రంథాల జోలికి పోకుండా, కార్తీకం రాగానే నల్లబట్టలు కట్టుకుని, చెప్పులు విడిచి మన వీధుల్లో తిరిగే కుర్రాళ్ళ గురించి, అయ్యప్ప మాల వేసుకునే యువకుల గురించి మాట్లాడదలిచాను.

"యువత మళ్ళీ సంప్రదాయం వైపు వస్తోంది" అనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. కొందరు సంబరంగా అంటారు. కొందరు చదువుకున్న పిల్లలు కూడా ఇలా అయిపోతున్నారేమిటని బెంగగా అంటారు. పూర్వం ఉన్నదేదో మధ్యలో పోయి ఇప్పుడు తిరిగొస్తోందని మాత్రం ఇద్దరూ నమ్ముతున్నారు. నాకు అక్కడే అభ్యంతరం. మాల వేసుకున్న కుర్రాణ్ణి ఆపి, మీ తాతగారు మాల వేసుకునేవారా అని అడిగి చూడండి. చాలామంది లేదనే అంటారు. ముత్తాతకైతే శబరిమల అనే కొండ ఉన్నట్టే తెలిసి ఉండదు. ఆయనకు తిరుపతి తెలుసు, అన్నవరం తెలుసు, ఊరి పొలిమేరలో అమ్మవారు తెలుసు. 41 రోజుల పాటు నేలమీద పడుకుని, నెత్తిన ఇరుముడి మూట పెట్టుకుని కేరళ అడవుల్లోకి నడిచి వెళ్ళడం ఆయన ఎరగడు. మనవడు తాత దారిలోకి తిరిగి రాలేదు. తాతకు లేని ఆచారాన్ని తనకోసం తాను తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చుకున్నాడన్నదే ఇవాళ నేను అడిగే ప్రశ్న.

శబరిమల క్షేత్రం పాతదే. అయితే దేశం నలుమూలల నుంచీ లక్షలమంది కదిలే యాత్రగా అది మారింది మాత్రం గత డెబ్బై ఏళ్ళలోనే. 1950లో ఆలయం అగ్నికి ఆహుతైంది. మరుసటి ఏడు పంచలోహ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. తమిళనాట నటుడు ఎం.ఎన్. నంబియార్ వంటి గురుస్వాములు ఏటా జనాన్ని వెంటబెట్టుకుని కొండకు వెళ్ళేవారు. 1975లో 'స్వామి అయ్యప్పన్' సినిమా వచ్చింది. అందులో ఏసుదాసు పాడిన 'హరివరాసనం' సన్నిధానంలో రాత్రి గుడి తలుపులు మూసే వేళ వినిపించే పాటగా స్థిరపడింది. మన వైపు ఎనభైల్లో క్యాసెట్లు, శరత్‌బాబు నటించిన అయ్యప్ప సినిమా, రైళ్ళు, అద్దె బస్సులు ఆ పిలుపును ఊరూరికీ మోశాయి. బట్టల మార్కెట్టుకు పేరుపడిన మన ద్వారపూడిలో అయ్యప్ప గుడి వెలిసి 'ఆంధ్రా శబరిమల' అనిపించుకుంది. కేరళ దాకా వెళ్ళలేనివాళ్ళు అక్కడే ఇరుముడి సమర్పించుకుంటున్నారు. దక్షిణ మధ్య రైల్వే ఏటా ఆ సీజనుకు ప్రత్యేక రైళ్ళు నడుపుతోంది.

ఆ అచ్చులోనే మరెన్నో దీక్షలు పుట్టాయి. బెజవాడ కనకదుర్గకు ఎర్రబట్టల భవానీ దీక్ష, కొండగట్టు అంజన్నకు కాషాయపు హనుమాన్ దీక్ష, శ్రీశైల మల్లన్నకు శివదీక్ష. దేవుడు మారతాడు, బట్ట రంగు మారుతుంది. మాల, 41 రోజుల మండలం, ఇరుముడి, గురుస్వామి అనే నాలుగూ ఉంటాయి. ఇంత తక్కువ కాలంలో ఇంతమంది కుర్రాళ్ళు ఒక కఠిన నియమాన్ని సొంతం చేసుకోవడం మన ప్రాంత చరిత్రలో చిన్న విషయం కాదు.

ఇక చేసేవాళ్ళ దగ్గరికి వెళ్దాం. మా వీధి చివర తాపీపనికి వెళ్ళే అబ్బాయి ఒకడున్నాడు. పాతికేళ్ళ లోపు. కార్తీకంలో తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళ పెరట్లో బోరు చప్పుడు వినిపిస్తుంది. చన్నీళ్ళు బకెట్టుతో నెత్తిన గుమ్మరించుకుంటాడు. ముందుగదిలో ఓ మూల పీఠం. మధ్యలో అయ్యప్ప, అటూ ఇటూ వినాయకుడు, సుబ్రహ్మణ్యస్వామి పటాలు. దీపం పెట్టి, శరణఘోష చెప్పుకుని, విభూది, గంధం, కుంకుమ పెట్టుకుని పనికి బయల్దేరతాడు. కాళ్ళకు చెప్పులుండవు. పని జరిగే చోట మేకులు, కంకర, ఇనుప చువ్వల ముక్కలు. వాటికంటే సిమెంటు చెడ్డది. శ్లాబు పోసే రోజున సిమెంటు నీళ్ళలో ఉత్తకాళ్ళతో నిలబడితే సాయంత్రానికి వేళ్ళ సందులు ఒరుసుకుపోయి మంటెత్తుతాయి. అందుకని మేస్త్రీ ఆ 41 రోజులూ అతన్ని కాంక్రీటు దగ్గరికి రానివ్వడు, గోడ పూతకు పంపుతాడు. ఆ మేస్త్రీ మాల వేసుకోడు, గుడికి వెళ్ళడం కూడా తక్కువే. అయినా దీక్షలో ఉన్నవాడి కాళ్ళ సంగతి ఆయన కనిపెట్టి చూసుకుంటాడు.

అక్కడ నేను చూసిన మరో సంగతి ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు. మిగతా పదకొండు నెలలూ ఆ మేస్త్రీ అతన్ని పిలిచే పిలుపు "ఒరేయ్". మాల పడిన రోజు నుంచి "స్వామీ, ఆ తట్ట ఇటు అందుకోండి" అంటాడు. ఇంటి యజమాని స్వామీ అంటాడు. కిరాణా కొట్టతను, బస్సు కండక్టరు, బండి ఆపిన పోలీసు, చివరికి కన్నతల్లి కూడా స్వామీ అనే అంటారు. ఏడో తరగతిలో బడి మానేసి, ఏ కాగితం మీదా పేరుకు ముందు శ్రీ అని రాయించుకోని కుర్రాడు అతను. ఊరు ఊరంతా అతన్ని బహువచనంలో పిలిచే కాలం ఏడాదిలో ఇదొక్కటే. ఈ మర్యాద అతనికి డబ్బిచ్చి కొంటే రాలేదు, పుట్టుకతోనూ రాలేదు. చన్నీళ్ళు, చాపమీద నిద్ర, పగటిపూట ఒక్క భిక్ష, కట్టు తప్పని నోరు, వీటితో సంపాదించుకున్నాడు. భక్తి లేదని నేననడం లేదు. భక్తి ఉంది. ఆ భక్తి చేతికందే దారి తన ఒంటిమీద తానే పెట్టుకున్న నియమం. ఆ నియమానికి లోకం ఇచ్చే బదులు గౌరవం. కుర్రాళ్ళు మాల వైపు ఎందుకు వస్తున్నారంటే నాకు దొరికిన జవాబు ఇదే.

దీక్షలోని అంతస్తులు కూడా ఈ మాటనే బలపరుస్తాయి. మొదటి ఏడు వెళ్ళేవాడు కన్నెస్వామి. తర్వాత వరసగా కత్తిస్వామి, గంటస్వామి, గదస్వామి, పేరుస్వామి, ఆపైన గురుస్వామి. ఏ కులంలో పుట్టావు, ఏం చదివావు, ఎంత కూడబెట్టావు అని ఈ లెక్క అడగదు. ఎన్నిసార్లు కొండెక్కావని అడుగుతుంది. ఇరుముడి కట్టే రోజున మన ఊళ్ళో ఒక ఆటో డ్రైవరు గురుస్వామిగా కూర్చుంటారు. కొబ్బరికాయ కన్ను తొలిచి, నీళ్ళు వంపేసి, అందులో ఆవునెయ్యి పోయించి బిరడా బిగిస్తారు. ముందు ముడిలో పూజాద్రవ్యాలు, వెనక ముడిలో దారి బత్తెం. మూట కట్టి నెత్తిన పెట్టేటప్పుడు బ్యాంకు మేనేజరైనా, హైదరాబాదు నుంచి సెలవు పెట్టి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడైనా ఆయన పాదాలకు మొక్కి తీరాలి. గుళ్ళో గర్భగుడి గడప దాటలేని కులాల మనిషి ఇక్కడ గురువు కాగలడు. తాతల ఆచారాల్లో మనవడికి ఈ వాటా దొరికేది కాదు. సంప్రదాయం పేరుతో అతను తెచ్చుకున్నది చాలా కొత్త వస్తువని నేనంటున్నది ఇందుకే.

అన్నిచోట్లా ఇంత చక్కగానే జరుగుతోందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మాల మెడలో ఉన్నా కులం మెడ దిగనివాళ్ళు ఉన్నారు. పెద్దిళ్ళ భిక్షకు ముందే బయల్దేరే స్వాములు కొందరు, మాలపల్లె నుంచి కన్నెస్వామి తండ్రి వచ్చి భిక్షకు రమ్మంటే ఆ పూట పని ఉందంటారు. గురుస్వాములు చాలామంది దీన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు. ఊరుకోకూడదు. స్వామి అని పిలిచిన నోటితో ఆ స్వామి ఇంటి అన్నం తిననంటే దీక్ష ఆ గడపలోనే భగ్నమైనట్టు. శబరిమలకు అడవిలో నడిచి వెళ్ళే పెద్దపాదం దారి ఎరుమేలి దగ్గర మొదలవుతుంది. అక్కడ వావరు మసీదుకు ప్రదక్షిణ చేయకుండా పేటతుళ్ళి అనే ఆట సాగదు. అయ్యప్ప స్నేహితుడు వావరు అని మన కుర్రాళ్ళు ముఖాలకు రంగులు పూసుకుని ఆడుతూ అక్కడికి వెళ్తారు. అంత దూరం వెళ్ళి మసీదుకు మొక్కి వచ్చినవాడు సొంత ఊళ్ళో పక్కవీధి గడప దాటలేకపోవడం నన్ను బాధపెట్టే విషయం.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ సంగతి. ఆడవాళ్ళ శబరిమల ప్రవేశం మీద 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానిమీద పునస్సమీక్ష పిటిషన్లు, పెద్ద ధర్మాసనం, ఆ వాదాలన్నీ మీకు తెలిసినవే. నేను కొండమీది గుడి గురించి కాక మన ఇళ్ళలోని వంటిళ్ళ గురించి మాట్లాడతాను. కొడుకు నాలుగింటికి స్నానం చేయాలంటే తల్లి మూడున్నరకే లేవాలి. ఉల్లి, వెల్లుల్లి తగలని గిన్నెలు వేరు. మధ్యాహ్నం భిక్ష వేరు, సాయంత్రం అల్పాహారం వేరు, మిగతా ఇంటికి వంట వేరు. ఆమె కూలికో బడికో ఆఫీసుకో వెళ్ళే మనిషైతే ఇదంతా ఆ పనిమీద అదనం. నెలసరి వచ్చిన రోజుల్లో ఆమె అయినా పక్కింట్లో సర్దుకోవాలి, అతనైనా ఊళ్ళో స్వాములు కలిసి ఉండే సన్నిధానానికి వెళ్ళి పడుకోవాలి. 41 రోజుల దీక్ష నిజానికి ఇద్దరు చేస్తారు. మాల ఒకరి మెడలోనే ఉంటుంది.

దీక్షలో ఆడవాళ్ళను 'మాతా' అని పిలుస్తారు. మాత అని పిలిచినంత మాత్రాన తెల్లవారుజామున పొయ్యి రాజుకోదు కదా. ఒక గురుస్వామి తన దగ్గర మాల వేసుకునే కన్నెస్వాములకు పెట్టే షరతు విని నాకు సంతోషమైంది. నీ భిక్ష నువ్వే వండుకోవాలి, నీ గిన్నెలు నువ్వే తోముకోవాలి, అంతకు సిద్ధమైతేనే మెడ వంచు అంటారాయన. మొదట్లో కుర్రాళ్ళు గొణిగారట. ఇప్పుడు ఆయన సన్నిధానంలో పప్పూ చారూ పెట్టడం రాని కుర్రాడు లేడు. భవానీ దీక్షలో ఆడవాళ్ళే స్వయంగా మాల వేసుకుని, ఇంద్రకీలాద్రి చుట్టూ గిరిప్రదక్షిణ చేసి ఇరుముడి సమర్పిస్తున్నారు. అక్కడ కాలేజీ అమ్మాయిలు కనిపించడం నాకు మంచి సూచనగా అనిపిస్తుంది. తమ ఒంటికి తామే నియమం పెట్టుకుని, ఆ గౌరవం తామే అందుకోవడం అన్నదమ్ములకే ఎందుకు పరిమితం కావాలి?

తాగుడు గురించి చెప్పకపోతే మాట పూర్తికాదు. మాల వేయించడానికి కొడుకును గురుస్వామి దగ్గరికి తీసుకొచ్చే తల్లుల్లో సగం ఆశ అదే. ఈ నలభై రోజులైనా మానతాడు, మానినవాడు అలాగే ఉండిపోతే బాగుండునని. కొందరు ఉండిపోతారు. అలాంటివాళ్ళను ప్రతి ఊళ్ళోనూ వేలుపెట్టి చూపించవచ్చు. మరికొందరు కొండ దిగి, మాల తీసిన సాయంత్రమే దుకాణం మెట్లెక్కుతారు. వాళ్ళను వేళాకోళం చేయడం తేలిక. నాకు మాత్రం వాళ్ళను చూస్తే ఒకటే తోస్తుంది: 41 రోజులు వాళ్ళను నిలబెట్టింది ఒంటరి మనోబలం కాదు. రోజూ సాయంత్రం భజనకు ఎదురుచూసే తోటిస్వాములు, తప్పు చేస్తే అడిగే గురుస్వామి, స్వామీ అని పిలిచే ఊరు. మాల తీయగానే ఆ మూడూ ఒక్కసారే పోతాయి. మనిషిని నిలబెట్టిన వాటన్నిటినీ ఒక్క పూటలో లాగేసి, ఆ తర్వాత వాడు నిలబడలేదని నిందించడం అన్యాయం. మాల తీశాక కూడా వారానికో సాయంత్రం అదే పదిమంది కూర్చునే ఏర్పాటు చేసుకున్న సన్నిధానాలు ఉన్నాయి. అలాంటివి ఇంకా రావాలి.

ఇక్కడే గురుస్వాములకు ఒక విన్నపం. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, మతి తప్పి మాట్లాడటం, ఒక్కోసారి ఫిట్స్ రావడం ఉంటుంది. ప్రాణం మీదికి రావచ్చు కూడా. అది దేవుడి పరీక్షా కాదు, దిష్టీ కాదు. అలాంటివాణ్ణి మాల వేయడానికి ముందే డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవాడు చెప్పుల్లేకుండా తిరిగి కాలికి పుండు పడితే అది అంత సులువుగా మానదు. అలాంటివాడికి చెప్పులు వేసుకోమని చెప్పే అధికారం గురుస్వామికి ఉంది. ఆయన చెబితే వింటారు. వైద్యులు చెబితే వినరు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు మంచు కురిసే డిసెంబరులో దీక్ష చేస్తున్నారు. ఉత్తకాళ్ళతో మంచులో నడవలేరు కాబట్టి బూట్లు వేసుకుంటారు. ఇంట్లో నేలమీద పడుకుంటారు, వారాంతంలో పడిపూజకు, అంటే పద్ధెనిమిది మెట్ల పూజకు, కలుస్తారు. నియమాన్ని ఉన్నచోటుకు తగ్గట్టు సర్దుకోవడం వాళ్ళకు తెలిసింది. ఆ సర్దుబాటు ఇక్కడ షుగరు జబ్బు మనిషికి ఎందుకు ఉండకూడదు?

మకరజ్యోతి గురించి ఒక మాట. సంక్రాంతి నాటి సాయంత్రం పొన్నంబలమేడు మీద కనిపించే వెలుగును మనుషులే వెలిగిస్తారని 2011లో ఆలయాన్ని నడిపే దేవస్వం బోర్డే ఒప్పుకుంది. అదే ఏడు జనవరి 14న పుల్లుమేడు దగ్గర తొక్కిసలాటలో వందమందికి పైగా చనిపోయారు. అంతకుముందు 1999లోనూ పంబ దగ్గర 53 మంది పోయారు. జ్యోతి సంగతి బయటపడ్డాక కుర్రాళ్ళు కొండకు రావడం మానేస్తారని అప్పట్లో చాలామంది అనుకున్నారు. రావడం మానలేదు. మా వీధి తాపీ అబ్బాయిని ఈ సంగతి అడిగాను. "తెలుసండి. దీపం మనిషే వెలిగిస్తాడు కదండీ, మా ఇంట్లో అయినా మా అమ్మే వెలిగిస్తది" అన్నాడు. వాళ్ళది గుడ్డినమ్మకమని తీర్మానించేవాళ్ళు ఈ జవాబు వినాలి. వాళ్ళు కళ్ళు తెరుచుకునే వెళ్తున్నారు. కళ్ళు తెరుచుకుని వెళ్ళేవాళ్ళను క్షేమంగా తిరిగి పంపించవలసిన పూచీ ఆలయాలమీదా ప్రభుత్వాలమీదా మరింత ఉంటుంది. కుర్రాళ్ళు కూడా జ్యోతి రోజే చూడాలన్న పట్టుదల విడిచి, రద్దీ లేని రోజుల్లో కొండెక్కితే అయ్యప్పకు తక్కువేమీ కాదు.

మైకులు, పడిపూజల్లో పోటీలుపడి చేసే ఖర్చు, ఫ్లెక్సీలమీద నాయకుల బొమ్మల మధ్య దేవుడి బొమ్మ, వీటిమీద మీకందరికీ అభిప్రాయాలున్నాయి, నావీ అవే. అరటిబోదెలతో కట్టిన 18 మెట్లమీద కర్పూరం వెలిగించుకుని పదిమంది గొంతెత్తి పాడుకునే పూజకు లక్ష రూపాయల లైటింగు అక్కర్లేదు.

ఇక కమిటీ వారికి నా ప్రతిపాదన. మన జిల్లాల్లో మొదటి తరం గురుస్వాములు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు. ఏటా ఒకరిద్దరు పోతున్నారు. మన ఊరికి మాల మొదట ఎవరు తెచ్చారు, వాళ్ళకు ఎవరు వేశారు, అప్పట్లో రైలు ఏ స్టేషన్లో దిగేవారు, పెద్దపాదం అడవిలో వంట ఎలా చేసుకునేవారు, మొదటిసారి నల్లబట్టలతో వీధిలోకి వస్తే ఊరేమంది, భార్య ఏమంది, తక్కువ కులమని భిక్షకు ఎవరైనా తలుపు వేశారా, ఇవన్నీ వాళ్ళ నోటనే రావాలి. వాళ్ళ భార్యలను కూడా విడిగా కూర్చోబెట్టి అడగాలి. యాభై ఏళ్ళలో మన కళ్ళెదుటే పుట్టి పెరిగిన ఆచారం ఇది. కట్టినవాళ్ళు బతికుండగానే దాని కథ రాసుకునే అవకాశం ఏ తరానికీ అంత సులువుగా రాదు. తెలుగు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజుగారే 'ఆంధ్ర యోగులు' చరిత్రలనూ సంపుటాలుగా రాసిపెట్టారు. జనం పాటనూ జనం భక్తినీ ఒకే చేతితో రాయగలిగినవారు మనకున్నారు.

అందుకని ఈ స్మారక నిధి వడ్డీలో ఒక భాగాన్ని వచ్చే కార్తీకం నుంచి ఇద్దరు డిగ్రీ విద్యార్థులకు ఉపకారవేతనంగా ఇవ్వాలని కోరుతున్నాను. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. చేతిలో నోటుపుస్తకం, ఫోనులో రికార్డరు చాలు. ద్వారపూడితో మొదలుపెట్టి, మండపేట, అనపర్తి, రాజమహేంద్రవరం సన్నిధానాలు చుట్టిరమ్మనండి. వాళ్ళు రాసుకొచ్చింది వచ్చే ఏడు ఈ వేదికమీద వాళ్ళే చదవాలి. నాకు కేటాయించిన సమయం వాళ్ళకివ్వండి.